చర్మానికి పడని వస్తువేది? ప్యాచ్ పరీక్ష గురించి కొన్ని మాటలు

(మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో పిల్లల చదువుల గురించి, ఉద్యోగాల గురించి, పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడుకుంటున్నాం. ఈసారి చర్మవ్యాధుల మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. చర్మవ్యాధులన్నీ చెప్పాలంటే ఈ రాత్రి చాలదు. అందుచేత ఒక్క సంగతే తీసుకున్నాం. ఒంటికి పడని వస్తువు తగిలి వచ్చే చర్మశోథ, దాని కారణాన్ని కనిపెట్టే ప్యాచ్ పరీక్ష.

కొంతకాలం క్రితం మా దగ్గరకు ఒక తాపీమేస్త్రీ వచ్చాడు. రెండు చేతులూ పగిలి, రసి కారి, వేళ్ళ సందుల్లో పొలుసులు కట్టి వున్నాయి. మూడేళ్ళుగా ఎన్నో మలాములు రాశాడు. రాసినప్పుడు తగ్గుతుంది, పనిలోకి పోగానే మళ్ళీ మొదలు. అతను మమ్మల్ని అడిగిన మొదటి మాట దురద గురించి కాదు. "డాక్టరుసాబ్, ఇది పెద్దరోగం కాదుగదా?" అన్నాడు. ఇంట్లో అతని కంచమూ గ్లాసూ వేరు పెట్టారట. కూతురికి కుదరబోయిన సంబంధంవాళ్ళు అతని చేతులు చూసి వెళ్ళి, మళ్ళీ కబురు చెయ్యలేదట.

పెద్దరోగమూ కాదు, అంటురోగమూ కాదు. ఈ ఒక్క ముక్క మీరు ఇంటికి తీసుకుపోతే మా ప్రసంగం సగం సఫలమైనట్లే. ఇటువంటి చర్మశోథ ఒకరినుంచి ఒకరికి సోకదు. కలిసి తినవచ్చు, కలిసి కూర్చోవచ్చు, చెయ్యి కలపవచ్చు.

ఇది రెండు విధాలు. మొదటిది ఒరుపు వల్ల వచ్చేది. సబ్బునీళ్ళలో, సోడాలో, సున్నంలో, కిరసనాయిల్లో రోజల్లా చేతులు నానితే ఎవరి చర్మమైనా దెబ్బతింటుంది. రెండవది ఎలర్జీ. ఇది అందరికీ రాదు. ఒక వస్తువు పదిమంది చేతులకు తగిలినా ఒకరికే పడకపోవచ్చు. ఆ ఒకరి ఒంట్లోని రక్షక కణాలు ఆ వస్తువును శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. గుర్తుపెట్టుకోవడానికి రెండు వారాలు పట్టవచ్చు, ఇరవై ఏళ్ళూ పట్టవచ్చు. "ఇన్నేళ్ళనుంచి వాడుతున్నాం, ఇప్పుడెందుకు పడదు?" అని చాలామంది అడుగుతారు. ఇన్నేళ్ళు వాడబట్టే పడకుండా పోయింది. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక ఆ కణాలు సాధారణంగా జీవితాంతం మరిచిపోవు.

మరి ఆ వస్తువేదో ఎలా తెలుస్తుంది? వస్తువు తగిలిన గంటకు కాదు, ఒకటి రెండు రోజులకు దురద పైకి వస్తుంది. అందువల్ల రోగి ఊహ తరచు తప్పుతుంది. వంకాయ మీద, ఎండుచేప మీద నేరం మోపి పత్యం చేస్తారు. అసలు దొంగ చేతి గడియారం బెల్టులో దాక్కుని వుంటాడు.

ఆ దొంగను పట్టేదే ప్యాచ్ పరీక్ష. 1895లో యోసెఫ్ యాడసోన్ అనే చర్మవైద్యుడు పాదరసం పడని రోగుల మీద ఈ పద్ధతిని చూపించాడు. మూలసూత్రం ఇప్పటికీ అదే. అనుమానమున్న పదార్థాలను తగిన పాళ్ళలో వాసెలిన్లో కలిపి, చిన్న చిన్న అల్యూమినియం బిళ్ళల్లో పెట్టి, వీపు పైభాగాన ప్లాస్టరుతో అంటిస్తారు. నికెల్ సల్ఫేటు 5 శాతం, సిమెంటులోనూ తోళ్ళ శుద్ధిలోనూ వుండే క్రోమియం కోసం పొటాషియం డైక్రోమేటు అర శాతం, తలరంగులోని పి.పి.డి. అనే రసాయనం 1 శాతం. ఇలా ఇరవైకి పైగా వుంటాయి. మన దేశానికి అనువైన పదార్థాల వరుస ఒకటి విడిగా వుంది. సూది లేదు, కోత లేదు, నొప్పి లేదు.

48 గంటల తర్వాత బిళ్ళలు తీసి, కొంతసేపాగి చూస్తారు. మూడో రోజో నాలుగో రోజో మళ్ళీ చూస్తారు. కొన్ని పదార్థాలకు వారం దాకా ఆగవలసి వుంటుంది. మొదటి రోజు ఏమీ కనపడలేదని ఇంట్లో కూర్చోకండి. రెండో దఫా చూపించుకోకపోతే పరీక్ష సగమే అయినట్లు. ఎర్రబడి గట్టిపడితే ఒక ప్లస్సు, సన్నని నీటి పొక్కులు వస్తే రెండు, పెద్ద బొబ్బలైతే మూడు.

చాలామంది "ఎలర్జీ పరీక్ష" అనగానే రక్తపరీక్షకు డబ్బు పోస్తున్నారు. చేతిమీద సూదితో గుచ్చి ఇరవై నిమిషాల్లో చూసే పరీక్షా వుంది. అవి తుమ్ములు, ఆయాసం, వెంటనే లేచే దద్దుర్ల వంటివాటికి. తగిలిన రెండు రోజులకు వచ్చే చర్మశోథకు అవి జవాబు చెప్పవు. దీనికి ప్యాచ్ పరీక్షే.

పరీక్షకు ముందు కొన్ని నియమాలున్నాయి. స్టిరాయిడ్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి, అవి ఫలితాన్ని దాచేస్తాయి. సొంతంగా మాత్రం మానెయ్యకూడదు. వీపుకు వారం రోజులు స్టిరాయిడ్ మలాము రాయకూడదు. వీపుకు ఎండ తగలనివ్వకూడదు. ఒళ్ళంతా రేగివున్నప్పుడు కాస్త తగ్గేదాకా ఆగాలి. గర్భిణీలకు సాధారణంగా వాయిదా వేస్తారు. బిళ్ళలున్నన్నాళ్ళు వీపు తడవరాదు, చెమట పట్టరాదు. మన ఎండాకాలంలో ఇది కష్టం, చలికాలం మేలు.

ఇక్కడ మనవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది. వజూ చెయ్యవచ్చా? నిశ్చింతగా చెయ్యవచ్చు, వజూలో వీపు తడవదు. గుసుల్ విషయం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ముందుగానే మీ ఇమాముగారిని అడిగి పెట్టుకోండి. దానికోసం పరీక్ష మానుకోవద్దు.

ఇక మన ఇళ్ళలో తరచు కనిపించే దొంగల సంగతి.

మొదటిది నికెల్. గిల్టు నగలు, చెవి కమ్మలు, గడియారం బెల్టు, ప్యాంటు బొత్తం, స్కార్ఫుకు పెట్టే పిన్నీసు. చెవి తమ్మె, మణికట్టు, బొడ్డు దగ్గర దురద పెడితే దీన్ని అనుమానించాలి.

రెండవది నల్ల మెహందీ. మన ఆకు మెహందీ ఎర్రగా పండుతుంది, పండటానికి గంటలు పడుతుంది, అది పడకపోవడం బహు అరుదు. గంటలోపే నల్లగా పండే కోనులో తలరంగు రసాయనం పి.పి.డి. కలిపి వుండవచ్చు. ఈదుకు చిన్నపిల్లల చేతులకు అది పెడితే, కొందరికి డిజైను పొడుగునా బొబ్బలు లేస్తాయి. అంతటితో పోదు. ఆ పిల్ల పెద్దదయ్యాక తలకు రంగు వేసుకుంటే ముఖం, కళ్ళు వాచిపోతాయి. ఒక్క పండగ ముచ్చటకు జన్మంతా ఇబ్బంది. గడ్డానికి నల్లరంగు వేసే పెద్దలకూ ఇదే మాట. గోరింటాకు మన తాతలనాటినుంచి వుంది, దానికి సాటి లేదు.

మూడవది అత్తరు, సెంటు. మెడమీద, చెవి వెనక నల్లబడితే చర్మానికి కాక బట్టకు రాసుకోండి.

నాలుగవది మందే. దురదకు మందుల షాపులో అడిగి తెచ్చిన నియోమైసిన్ మలాము కొందరికి పడదు. పుండు మానడం లేదని మరింత రాస్తారు, పుండు మరింత పెరుగుతుంది.

ఐదవది వయ్యారిభామ. 1950ల తర్వాత మన దేశమంతా పాకిన ఈ కలుపుమొక్క పొలంలో పనిచేసేవారి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలను పట్టుకుంటుంది. ముట్టుకోకపోయినా ఎండిన ఆకుపొడి గాలిలో వచ్చి తగులుతుంది.

ఇంట్లో సొంతంగా ప్యాచ్ పరీక్ష చేసుకోకండి. సిమెంటు, సర్ఫు, తలరంగు ప్లాస్టరు కింద పెడితే చర్మం కాలిపోతుంది. ముఖానికి రాసే క్రీము లాంటి దాన్ని మాత్రం మోచేతి లోపలివైపు రోజుకు రెండుసార్లు చొప్పున వారం, పది రోజులు రాసి చూసుకోవచ్చు. పరీక్షలో వచ్చిన ప్రతి ప్లస్సూ నేరస్థుడు కాదనీ గుర్తుంచుకోవాలి. మీ పనీ, మీ వాడకమూ వివరంగా చెబితేనే డాక్టరు లెక్క కుదురుతుంది. వాడే వస్తువులన్నీ, డబ్బాలతో సహా, సంచిలో వేసుకుని వెళ్ళండి. చాలా బోధనాసుపత్రుల చర్మవిభాగాల్లో ఈ పరీక్ష చేస్తారు. ఏ రోజు చేస్తారో ముందుగా కనుక్కుని బయలుదేరండి.

మళ్ళీ మన మేస్త్రీ దగ్గరకు వద్దాం. అతనికి రెండు పదార్థాలు తేలాయి. ఒకటి క్రోమియం. రెండవది మేము అనుకోనిది. చేతులు కాపాడుకుందామని అతను కొనుక్కున్న రబ్బరు తొడుగుల్లో కలిపే థయూరామ్ రసాయనం. రక్షణ అనుకున్నదే గాయం చేస్తోంది! పి.వి.సి. తొడుగులకు మారాడు. సిమెంటు కలిపే పని వేరొకరికి అప్పగించి కొలతలు, పురమాయింపు చూసుకుంటున్నాడు. చేతులు నూటికి నూరుపాళ్ళూ బాగయ్యాయని చెప్పం, క్రోమియం పట్టుకుంటే త్వరగా వదలదు. కాని రసి ఆగింది, పగుళ్ళు పూడాయి. డెన్మార్కులో 1981లోనే సిమెంటులో ఫెర్రస్ సల్ఫేటు కలిపి ఈ బాధను తగ్గించారు. 2005నుంచి యూరపు దేశాల్లో కరిగే క్రోమియం పదిలక్షల పాళ్ళలో రెండు మించరాదని నియమం. మన మేస్త్రీల చేతులకూ అంత విలువ వుందని మనం అడగాలి.

పోయిన సంబంధం తిరిగి రాలేదు. కాని పరీక్ష కాగితం చదివి వినిపించిన రోజునుంచి అతని కంచం వేరు లేదు. ఇంటిల్లిపాదితో ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుంటున్నాడు.

సోదరులారా, సోదరీమణులారా, రోగం ఇచ్చినవాడు దాని మందూ ఇచ్చాడని మన పెద్దలు చెబుతారు. వెతకడం మన వంతు. మీ వీధిలో చేతులు దాచుకు తిరిగేవారు ఎవరైనా వుంటే ఈ నాలుగు మాటలూ చెప్పి ఆసుపత్రికి పంపండి, వీలైతే తోడు వెళ్ళండి. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.