మొదటి బండి, రెండో యజమాని



కొత్తగా బండి నేర్చుకునేవాళ్లు చాలామంది ముందు సెకండ్ హ్యాండ్ బండి కోసమే వెతుకుతారు. నేర్చుకునే రోజుల్లో బండి పడిపోవడం, గీతలు పడటం మామూలే. పాత బండయితే జేబుకు భారం తక్కువ.

మొదట చూడాల్సినవి బరువు, సీటు ఎత్తు. హీరో స్ప్లెండర్ ప్లస్ సుమారు 112 కిలోలు ఉంటుంది. ఈమధ్య కాలపు బుల్లెట్ 350 అయితే 180 కిలోల పైమాటే. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాళ్లు నేలకు ఆనకపోతే కొత్తవాళ్లు తడబడతారు.

బండిని ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ముందే వేడిచేసి ఉంచితే స్టార్టింగ్ ఇబ్బంది బయటపడదు. సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోందని అర్థం. ముందు ఫోర్కుల మీద నూనె తడి కనిపిస్తే సీళ్లు పోయినట్టే. టైరు పక్క గోడ మీద ఉండే నాలుగంకెలు దాని వయసు చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది. అంతకుముందటి బండ్లలో చాలావాటికి అది ఉండదు.

ఇక కాగితాలు.

ఆర్సీలోని ఇంజన్, ఛాసిస్ నంబర్లు బండి మీద చెక్కినవాటితో సరిపోవాలి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ గడువులు కనిపిస్తాయి. ఫైనాన్స్ బాకీ తీరితే, దాన్ని ఆర్సీ నుంచి తొలగించడానికి ఫారం 35 కావాలి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 ఇవ్వాలి. పాత చలాన్లు అమ్మేవారి చేతే కట్టించి, ఆ తర్వాతే డబ్బు చేతిలో పెట్టడం మేలు. పేరు మారేలోపు ప్రమాదం జరిగితే, నష్టపరిహారం బాధ్యత రికార్డుల్లో ఉన్న పాత యజమాని మీదే పడుతుంది. అందుకే ఆర్టీఓ ఆఫీసుకు ఇద్దరూ కలిసి వెళ్లడం ఇద్దరికీ క్షేమం.