పని వేగం ఎందుకు మందగించింది?
(నాగోలు శాఖ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో ఒక మిత్రుడు అడిగారు: "మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. ఇన్ని కంప్యూటర్లున్న దేశంలో ఉత్పాదకత పెరగడం లేదంటారేమిటండీ?" అని. పెరగకపోలేదు, పెరిగే వేగం తగ్గింది. మనిషి ఒక గంట పనితో సృష్టించే విలువే శ్రామిక ఉత్పాదకత. అమెరికాలో 1947 నుండి 1973 వరకు అది ఏటా సుమారు 2.8 శాతం పెరిగింది. తర్వాత 1995 దాకా దాదాపు ఒకటిన్నర శాతమే. ఇంటర్నెట్ వచ్చిన పదేళ్లు పుంజుకుని, 2005 తర్వాత మళ్లీ మందగించింది. తేడా స్వల్పమేననకండి. చక్రవడ్డీ లెక్కలు కట్టినవాళ్లం మనం. 2.8 శాతమైతే 25 ఏళ్లలో రెట్టింపు, ఒకటిన్నరైతే 47 ఏళ్లు!

కారణాలపై పండితులింకా వాదించుకుంటూనే ఉన్నారు. 1973 నాటి చమురు ధరల దెబ్బ అన్నారు కొందరు. అదే అసలు కారణమైతే 1986లో ధర పడిపోయాక వేగం తిరిగి రావాలి గదా, రాలేదు. నాకు సబబుగా తోచినవి రెండు.

మొదటిది మన కౌంటరు అనుభవమే. 1984లో డా. సి. రంగరాజన్ కమిటీ (1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చినవారే) బ్యాంకుల్లో యంత్రాలకు దారి చూపింది. మా శాఖకు కంప్యూటరు వచ్చిన కొత్తలో లెడ్జరులోనూ రాశాం, అందులోనూ కొట్టాం. పని రెట్టింపయింది! తర్వాత నిజంగానే సుఖపడ్డాం. అర్ధ సంవత్సరపు వడ్డీ లెక్కలకు రాత్రిళ్లు కూర్చోవడం తప్పింది. అయితే ఆ లాభం ఒక్కసారే. తీసేసిన లెడ్జరును మళ్లీ తీసేయలేం గదా. అమెరికాకు విద్యుత్తు, మోటారు వాహనాలు ఇచ్చిన లాభం కూడా 1970 నాటికి చాలావరకు అందేసిందని ఆర్థికవేత్త రాబర్ట్ గోర్డన్ వాదన.

రెండోది విలియం బామోల్ 1960లలో చెప్పింది. ధనిక దేశాల్లో పొలాలకు, ఫ్యాక్టరీలకు కొద్దిమందే చాలు. మిగతావారు ఆసుపత్రులకు, బడులకు, హోటళ్లకు చేరారు. అక్కడ తొందర కుదరదు. 2017 నుండి మనం నాగోలులో మెట్రో ఎక్కి అమీర్‌పేటకు చప్పున పోతున్నాం. కానీ అక్కడ మోకాలి ఆపరేషనైన మనిషి కాలు వంచి నడిపించడానికి ఫిజియోథెరపీ అమ్మాయికి నాడు పట్టిన అరగంటే నేడూ పడుతోంది. జీతం మాత్రం పెరగాల్సిందే, పెరగాలి కూడా.

ఇది మనకెందుకంటారా? ఏ దేశంలోనైనా పెన్షన్ చివరకు పనిచేసేవారి ఉత్పత్తిలోంచే రావాలి. వృద్ధులు పెరిగి ఉత్పత్తి నెమ్మదిస్తే పేచీ తప్పదు. 2023లో ఫ్రాన్సు పదవీ విరమణ వయసును 62 నుండి 64కు పెంచుతూ చట్టం చేస్తే లక్షలాది జనం వీధుల్లోకి వచ్చారు. ఇక్కడ 2004 సెప్టెంబరు 1 తర్వాత రాష్ట్ర సర్వీసులో చేరిన మన పిల్లలకు పాత పెన్షనే లేకపోయింది. వారి ముందు ఈ లెక్కలు చెప్పడానికి నాకు కొంచెం మొహమాటంగానే ఉంది.

టీ సిద్ధమైందని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అక్కడ అడగండి. సెలవు.