బరువు పెరగలేదు, అంకె పెరిగింది



ఏ ఆస్పత్రికి వెళ్ళినా ముందు బరువు తూస్తారు, గోడకు నిలబెట్టి ఎత్తు కొలుస్తారు. ఆ రెండింటినీ కలిపి ఒక అంకె చెబుతారు. దాని పేరు బాడీ మాస్ ఇండెక్స్, క్లుప్తంగా బి.ఎం.ఐ. ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళను ఈ అంకె ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. అదెలాగో చూద్దాం.

లెక్క కష్టమేమీ కాదు. మీటర్లలో ఉన్న ఎత్తును అదే అంకెతో హెచ్చవేయాలి. వచ్చినదానితో కిలోల బరువును భాగించాలి. జవాబు 18.5 కంటె తక్కువైతే బక్కపలచన. మన దేశస్థులకు 23 దాటితే బరువు ఎక్కువ, 25 దాటితే స్థూలకాయం అని డాక్టర్లు లెక్క పెట్టుకున్నారు.

ఒక ఇల్లాలిని ఊహించుకోండి. వయసులో ఉన్నప్పుడు ఆవిడ ఎత్తు 152 సెంటీమీటర్లు, అంటే సుమారు అయిదడుగులు. బరువు 50 కిలోలు. 1.52ని 1.52తో హెచ్చవేస్తే 2.31. దానితో 50ని భాగిస్తే 21.6. లక్షణంగా ఉంది కదా! ఆవిడకు అరవై అయిదేళ్ళు వచ్చాయి. బరువు అదే 50. ఎత్తు మాత్రం 146కు దిగింది. బహిష్టులు ఆగాక ఎముకల్లో సాంద్రత తగ్గి, వెన్నుపూసలు కొన్ని పెద్ద దెబ్బేమీ తగలకుండానే అణిగిపోయాయి. ఇప్పుడు లెక్క కడితే 23.5! ఒక్క గ్రాము పెరగకుండానే ఆవిడ "బరువు ఎక్కువ" వాళ్ళలో చేరిపోయింది.

అక్కడితో పోతే బాగానే ఉండును. కాని ఆ అంకె చూసి ఆవిడ రాత్రి భోజనం మానేస్తుంది. పాలూ పెరుగూ తగ్గిస్తుంది. దాంతో కొవ్వుతోపాటు కండా కరుగుతుంది, ఎముకా ఇంకా పలచబడుతుంది. కండ తగ్గితే కాలు తడబడుతుంది. ఈ వయసులో స్నానాలగదిలో జారిపడితే తుంటి ఎముక విరిగి, మంచం పట్టవలసి రావచ్చు. అసలు బక్కగా ఉండటమే ఎముకలు విరగడానికి ఒక కారణమని మరిచిపోకండి. అలాగని లావెక్కమని నేను చెప్పటం లేదు సుమా! బి.ఎం.ఐ.కి కొవ్వేదో, కండేదో, ఎముకేదో తెలియదు. అందుకని టేపుతో నడుము చుట్టుకొలత కూడా చూసుకోండి. మన ఆడవాళ్ళకు అది 80 సెంటీమీటర్లు దాటకుండా ఉంటే మంచిది.

మరి అసలు ఎత్తు తెలిసేదెలా? పాత ఆస్పత్రి కాగితాల్లో ఉంటే వెతకండి. లేకపోతే మన పెద్దవాళ్ళు తాడు కొలిచిన "బార" ఉండనే ఉంది. గోడకు ఆనుకుని రెండు చేతులూ భుజాలకు సమంగా బారజాపండి. ఒక నడిమివేలి కొస నుంచి రెండో నడిమివేలి కొస దాకా ఇంట్లోవాళ్ళచేత కొలిపించండి. వయసులో ఉన్నప్పటి ఎత్తుకు అది దగ్గరగా ఉంటుంది, కొందరికి రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ రావచ్చు. వెన్ను కుంగినా చేతి ఎముకల పొడవు తగ్గదు.

వయసులో ఉన్న ఎత్తుకన్న 4 సెంటీమీటర్లు తగ్గినట్టు తేలితే "ముసలితనం" అని ఊరుకోకండి. పరికిణీ అంచు నేలకు రాసుకోవటం, పై అరకు చెయ్యి అందకపోవటం కూడా గుర్తులే. డాక్టరుకు పాత ఎత్తూ కొత్త ఎత్తూ రెండూ చెప్పండి. వెన్నుకు ఎక్స్‌రే, ఎముక సాంద్రత చూసే డెక్సా పరీక్ష అవసరమా అని అడగండి. డెక్సాలో టి-స్కోరు మైనస్ 2.5 గాని, అంతకు దిగువ గాని ఉంటే ఎముకలు గుల్లబారినట్టే. అందుకు మందులున్నాయి.

తిండి మాత్రం మానకండి. రాగులు 100 గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రాగిజావ, పెరుగు, పప్పు, తినేవాళ్ళయితే గుడ్డు, వీటితోపాటు రోజూ కాస్త ఎండలో నడక. అంకె చూసి బెంగపడేముందు ఎత్తు సరిగా కొలిచారో లేదో చూసుకోండి. ఇంట్లో అత్తగారో అమ్మగారో ఉంటే ఈ ఆదివారమే వాళ్ళ బార కొలవండి.

సెలవు.