బాబుకి అరబ్బీ పేరు

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు అమ్మ హిందువు, నాన్న ముస్లిం అయిన ఇంట్లో బాబు పుడితే, పేరు దగ్గర పెద్దవాళ్లు కాస్త తర్జనభర్జన పడతారు. నిజానికి మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. మస్తాన్ దర్గాకు మొక్కుకుని బిడ్డకు మస్తాన్‌రావు అని పెట్టుకున్న హిందూ కుటుంబాలున్నాయి. గాయకుడు మనో అసలు పేరులోనూ ఇలాగే రెండు వైపుల మాటలూ కలిశాయి: నాగూర్ బాబు. ఆయనది సత్తెనపల్లి.

నాకు బాగా నచ్చే పేరు సమీర్. అరబ్బీలో రాత్రిపూట కబుర్లకు తోడుండేవాడని అర్థం. సంస్కృతంలో సమీరమంటే గాలి. నానమ్మ, అమ్మమ్మ ఇద్దరూ నోరారా పిలుచుకుంటారు. కబీర్ కూడా అంతే, పలకడానికి తేలిక.

అబ్దుల్ అని మాత్రం విడిగా పెట్టకండి. అది 'దాసుడు' అనే దగ్గరే ఆగిపోతుంది. ఎవరి దాసుడో చెప్పేది తర్వాతి మాట. అబ్దుల్ రహీమ్, అబ్దుల్ కరీమ్ అంతా కలిపి ఒకే పేరు. బడి రిజిస్టరులో సగానికి కోయనివ్వకండి.

ముస్లిం ఇళ్లలో ఏడో రోజు అఖీఖా, హిందువుల ఇళ్లలో చాలాచోట్ల ఇరవై ఒకటో రోజు బారసాల చేసి బిడ్డకు పేరు పెడతారు. ఈలోపు పేరు తేలకపోయినా కంగారు వద్దు. 1969 నాటి చట్టం ప్రకారం జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే చాలు. పేరును 12 నెలల్లోగా ఉచితంగా చేర్పించుకోవచ్చు. మహమ్మద్ వంటి పేర్లను ఇంగ్లీషులో రకరకాలుగా రాస్తారు కాబట్టి, జనన ధ్రువపత్రంలో ఉన్న అక్షరాలే ఆధార్‌లోనూ ఉండేలా చూసుకోండి.