ఖాళీ కడుపుతో తరగతికి వెళ్లకండి
(చెన్నైలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి, క్రమశిక్షణ గురించి నాకన్నా ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా చెప్పారు. నేను గృహవిజ్ఞానం బోధించేదాన్ని. కాబట్టి నాకు తెలిసిన విషయమే మాట్లాడతాను. అది పొద్దుటి ఫలహారం. ఇంత పెద్ద సభలో ఫలహారం మీద ప్రసంగమా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. అయితే ఇదే నగరంలో 1920లో కార్పొరేషన్ సభ కూర్చుని పిల్లల ఫలహారం గురించే చర్చించింది. అప్పుడు మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారు. తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టినవారు. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ పాఠశాల పిల్లలకు, రోజుకు తలకు ఒక అణా మించని ఖర్చుతో ఫలహారం పెట్టాలని ఆ సభ తీర్మానించింది. ఆకలితో ఉన్న పిల్లవాడికి పాఠం ఎక్కదని ఆ పెద్దలకు వందేళ్ల కిందటే తెలుసు.

తరువాత 1956లో కామరాజ్ గారి కాలంలో మధ్యాహ్న భోజనం వచ్చింది. 1982లో ఎం.జి.ఆర్. గారు దాన్ని బాగా విస్తరించారు. 2022 సెప్టెంబరులో ప్రాథమిక పాఠశాలల పిల్లలకు పొద్దుటి ఫలహార పథకం మొదలైంది. చిన్నపిల్లల సంగతి ప్రభుత్వం చూసింది. ప్లస్ టూ, కాలేజీ చదువుతున్న మీ సంగతి ఎవరు చూడాలి? మీరే చూసుకోవాలి.

రాత్రి ఎనిమిదింటికి తిని పడుకుంటే పొద్దున్నకు దాదాపు పన్నెండు గంటల ఉపవాసం. మనం కదలకుండా కూర్చున్నా శరీరం ఖర్చు పెట్టే శక్తిలో సుమారు ఐదో వంతు మెదడుదే. దానికి ఏమీ అందించకుండా ఒక కాఫీ తాగి లెక్కల పరీక్షకు వెళ్తే, పదకొండింటికి కళ్లు తిరగడం, ఆవలింతలు, చిరాకు. అప్పుడు క్యాంటీనులో బజ్జీలో, పఫ్‌లో తింటాం.

తినకపోవడానికి కారణం అందరూ చెప్పేది ఒకటే, టైము లేదు. నిజమే. ఏడింటి బస్సు పట్టుకోవాలంటే అమ్మ ఐదింటికే లేచి ఇడ్లీ వేసి, చట్నీ రుబ్బాలి. అమ్మ కూడా పనికి వెళ్లే ఇళ్లలో రోజూ అది సాగదు. ఇడ్లీ సాంబారు మానమని నేను అనడం లేదు. అంతకన్నా మంచి ఫలహారం ఎక్కడుంది? అది కుదరని రోజు కడుపు ఖాళీగా ఉంచవద్దు అంటున్నాను. అటువంటి రోజు కోసం ఒక గ్లాసు చెబుతాను. దీన్ని ఇప్పుడు స్మూతీ అంటున్నారు. పండు, ఓట్స్, పాలు కలిపి మిక్సీలో తిప్పిన చిక్కని పానీయం.

ఒక్కరికి కొలత రాసుకోండి. ఓట్స్ అర కప్పు, అంటే 40 గ్రాములు. బాగా పండిన అరటిపండు ఒకటి. కాచి చల్లార్చిన పాలు 200 మిల్లీలీటర్లు. వేయించి పొట్టు తీసిన వేరుశనగ గింజలు 15 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు. ఓట్స్‌ను రాత్రే పాలలో నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేకపోతే పొద్దున్నే గోరువెచ్చని పాలలో పది నిమిషాలు నానబెడితే చాలు. మీరు స్నానం చేసి వచ్చేసరికి నానిపోతాయి. ముందు గింజలను పొడి చేసి, తరువాత ఓట్స్, పండు వేసి ఒక నిమిషం తిప్పండి. అంతే.

ఇందులో సుమారు 450 కేలరీలు, 16 గ్రాముల మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు ఉంటాయి. 16 నుంచి 18 ఏళ్ల అమ్మాయికి రోజుకు 46 గ్రాములు, అబ్బాయికి 55 గ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. అమ్మాయికైతే మూడో వంతు పొద్దున్నే అందినట్టు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంది. నీటిలో జిగురులా మారి అరుగుదలను నెమ్మదింపజేస్తుంది. అందుకే ఆకలి త్వరగా వేయదు.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు. మొదటిది, చక్కెర వేయకండి. పండిన అరటిపండే తీపి. చాలకపోతే రెండు ఖర్జూరాలు వేయండి. రెండోది, వడకట్టకండి. వడకడితే పీచు పిప్పిలో పోతుంది. మూడోది, చేసిన వెంటనే తాగండి. మన ఎండలకు పాలు, పండు కలిపినది సీసాలో పోసుకుని మధ్యాహ్నం దాకా ఉంచితే పాడవుతుంది. నాలుగోది, బొప్పాయి, అనాస పాలతో కలిపితే కాసేపటికి చేదెక్కుతాయి. వాటిలోని ఎంజైములు పాలలోని మాంసకృత్తులను విడగొట్టడమే కారణం. పుల్లని పండ్లైతే పాలు విరుగుతాయి. వాటికి పెరుగు వాడండి. పాలు పడనివారు కూడా పెరుగుతో చేసుకోవచ్చు.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద చదవండి. ఏది ఎక్కువగా ఉందో దాని పేరే ముందు రాస్తారు. ఒక్క ఓట్స్ తప్ప ఇంకేమీ లేనిదే కొనండి. మసాలా ఓట్స్‌లో ఉప్పు, రుచులు కలిపిన వాటిలో చాలామటుకు చక్కెర ఉంటాయి.

ఓట్స్ కొనలేమే అని ఏ తల్లీ బాధపడనక్కర లేదు. అది చల్లని దేశాల పంట. అందులో మంత్రమేమీ లేదు. దాని బదులు గుప్పెడు అటుకులు నానబెట్టి వేయండి. లేదా రాత్రి కాచిన రాగి జావను చల్లార్చి, ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్న అరటిపండుతో తిప్పండి. రాగి పిండి మాత్రం పచ్చిగా వేయకూడదు, ఉడకాలి. పాలు కాకుండా, రాగుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మన అవ్వలు సంగటి, అంబలితో పిల్లలను పెంచింది ఊరికే కాదు. ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దలు మాత్రం ఈ గ్లాసును తమ వైద్యులను అడిగే తాగాలి.

చివరగా ఒక మాట. ఇంతసేపు నేను అమ్మలకు వంట నేర్పలేదు. వాళ్లకు నేను నేర్పేదేముంది? ఇది పిల్లలకు చెప్పాను, ముఖ్యంగా మగపిల్లలకు. ఇందులో పొయ్యి పని దాదాపు లేదు. రాత్రి నానబెట్టడం, పొద్దున్న తిప్పడం, మిక్సీ జారు వెంటనే కడిగి బోర్లించడం, ఈ మూడూ మీరే చేయండి. వారానికి రెండు రోజులు చేసినా అమ్మకు రెండు రోజులు ఒక గంట నిద్ర మిగులుతుంది. రేపు హాస్టలుకో, వేరే ఊళ్లో ఉద్యోగానికో వెళ్లినప్పుడు మీ కడుపు మీరు చూసుకోగలరు.

ట్రస్టు ఇచ్చే ఈ సొమ్ము మీ ఫీజు కడుతుంది, పుస్తకాలు కొంటుంది. ఆ పుస్తకం ముందు కూర్చునే శరీరాన్ని పోషించుకోవడం మీ చేతిలో ఉంది. పరీక్ష రోజున హాల్ టికెట్ మరచిపోకుండా ఎలా చూసుకుంటారో, ఫలహారం కూడా అలాగే మరచిపోకండి. కొత్తది ఏదైనా పరీక్ష రోజునే మొదలుపెట్టకుండా, ఈ వారమే ఒకసారి చేసి చూడండి.