రిఫరీ నిర్ణయాల్లో వీడియోకు ఎంత చోటు?



పొద్దున మన మైదానంలో జరిగిన మ్యాచ్‌లో గోలా, కాదా అంటూ పీఈటీ మాస్టారిని చుట్టుముట్టిన వాళ్లు చాలామంది ఈ సభలోనే ఉన్నారు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను: ఫుట్‌బాల్‌లో రిఫరీ ఇచ్చిన ఏ నిర్ణయాలను వీడియోలో మళ్లీ చూడాలి?

2010 ప్రపంచకప్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి బార్‌కు తగిలి, గీత లోపల పడి బయటికొచ్చింది. టీవీలో చూసిన అందరికీ కనిపించింది, రిఫరీకి కనిపించలేదు. 2012లో గోల్‌లైన్ టెక్నాలజీకి అనుమతి వచ్చింది. బంతి గీత దాటితే సెకనులోపే రిఫరీ వాచీకి సంకేతం వెళుతుంది. దాని మీద పెద్దగా పేచీ లేదు. అది కొలత, అభిప్రాయం కాదు.

వీడియో రిఫరీ పద్ధతి, అంటే వీఏఆర్, 2018లో ఆట నిబంధనల్లోకి వచ్చినప్పుడు నాలుగింటికే పరిమితం చేశారు: గోల్, పెనాల్టీ, నేరుగా చూపే రెడ్ కార్డు, ఒకరికి బదులు మరొకరికి కార్డు చూపడం. ఆఖరిది వింటే నవ్వొస్తుంది గానీ, 2014లో చెల్సీ, ఆర్సెనల్ మ్యాచ్‌లో చెయ్యి అడ్డం పెట్టింది ఆక్స్‌లేడ్ చాంబర్లిన్, బయటికి పోయింది గిబ్స్!

అప్పటి జాబితాలో రెండో ఎల్లో కార్డు లేదు. ఆ మినహాయింపు నాకు నచ్చలేదు. ఎలా పంపించినా మిగిలేది పదిమందే కదా. శిక్ష ఒకటే అయినప్పుడు పునఃపరిశీలనా ఉండాల్సిందే. మొదటి ఎల్లో కార్డు, త్రో ఇన్, మైదానం మధ్యలో ఫౌల్ రిఫరీకే వదిలేయాలి. క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య విరామం ఉంది కాబట్టి డీఆర్ఎస్ ఇమిడింది. ఇది ఆగితే చెడే ఆట.

ఆఫ్‌సైడ్ దగ్గర మాత్రం నాలోని ఇంజినీరు ఊరుకోడు. సెకనుకు 50 ఫ్రేములు తీసే కెమెరాలో ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య 20 మిల్లీసెకన్లు. సెకనుకు 8 మీటర్లు పరుగెత్తేవాడు అంతలో 16 సెంటీమీటర్లు ముందుకెళ్తాడు. బంతిని తన్నిన క్షణం ఆ రెండు ఫ్రేముల మధ్య ఎక్కడుందో తేలకుండా, రెండు సెంటీమీటర్ల తేడాతో గోల్ కొట్టేస్తే అది టేపుతో కాగితం మందం కొలిచినట్టే. అలాంటి రీడింగ్ మా దగ్గరికి వస్తే వెనక్కి పంపేస్తాం. 2022 ఖతర్ ప్రపంచకప్‌లో బంతి లోపలే సెకనుకు 500 సార్లు సమాచారం పంపే సెన్సర్ పెట్టారు. అది ఉంటే ఆ క్షణం తెలుస్తుంది. లేనిచోట, కొలతలో ఎంత తేడా రావచ్చో అంత వెసులుబాటు ఫార్వర్డ్‌కి ఇవ్వాలి.

హ్యాండ్‌బాల్, తోపులాట వేరు. స్లో మోషన్‌లో చూస్తే ప్రతి తాకిడీ కావాలని చేసినట్టే ఉంటుంది. ఎక్కడ తగిలిందో చూడటానికి స్లో మోషన్, ఎంత గట్టిగా తగిలిందో చూడటానికి మామూలు వేగం అని నియమం ఉంది. నేనైతే ఇంకొకటి కలుపుతాను: మామూలు వేగంలో రెండుసార్లు చూసినా తేలకపోతే, మైదానంలో ఇచ్చిన నిర్ణయమే ఖాయం.

సెలవు.