లెక్క కుదిరింది, డబ్బేది?

(నాచారంలో జరిగిన సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది ఉప్పల్ రింగ్ రోడ్డు మీదుగా వచ్చారు. అక్కడి నుంచి రామంతాపూర్ వైపు పోతే కేంద్ర ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. సంతకం దొంగదా, కాగితం దిద్దారా అన్నది అలాంటి చోట తేలుస్తారు. మరి సంతకం అసలుదే, ముద్ర అసలుదే, రాసిన లెక్క మాత్రం అబద్ధమైతే? దాన్ని పట్టుకునే పనే ఫోరెన్సిక్ ఆడిట్. మామూలు ఆడిట్‌లో ఎక్కువగా పుస్తకానికీ వోచరుకూ పొత్తు కుదిరిందా అని చూస్తారు. ఇందులో పుస్తకం మూసి బయటికి పోతారు. బ్యాంకుకు పోతారు, గోదాముకు పోతారు, లారీ ఓనరు ఇంటికీ పోతారు.

మన హైదరాబాదులోనే సత్యం కంప్యూటర్స్ కథ జరిగింది. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లుంటే, అందులో 5,040 కోట్లు లేనే లేవు! లేని డిపాజిట్‌కు వడ్డీ కూడా రాశారు, 376 కోట్లు. దర్యాప్తులో 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లు బయటపడ్డాయి. కంప్యూటర్‌లో వాటికి విడిగా గుర్తు పెట్టి, మామూలు సిబ్బంది కంట పడకుండా దాచారు.

ఏళ్లకేళ్లు ఇది ఎట్లా నడిచింది? ఆడిటర్లు బ్యాంకులకు తామే రాసి, జవాబు తామే తెప్పించుకోవాలి. ఆ పని కంపెనీ చేతికి వదిలేశారు. దొంగనే తాళంచెవి అడిగినట్టు. ఈ తప్పుకే ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థలకు అమెరికా సెక్యూరిటీల కమిషన్ 2011లో 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

ఈ కథలో భూమి కూడా ఉంది. బయటపడటానికి మూడు వారాల ముందు, 2008 డిసెంబర్ 16న, కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సత్యంతో కొనిపించబోయారు. అందులో ఒకటి భూముల కంపెనీ. ఉత్తుత్తి డబ్బు స్థానంలో నిజమైన ఆస్తి పెట్టాలన్నది ఎత్తుగడ. వాటాదారులు ఎదురు తిరిగితే ఆగింది. 2015 ఏప్రిల్ 9న కోర్టు పదిమందికి శిక్ష వేసింది, రాజుకు ఏడేళ్లు. మరుసటి నెలలోనే అప్పీలు మీద బెయిల్ వచ్చింది, అది వేరే ముచ్చట.

షేర్ల గొడవ మనకెందుకు అంటారా? బీహార్ దాణా కుంభకోణం గుర్తు తెచ్చుకోండి. పశువులను, దాణాను తరలించినట్టు రాసిన వాహనాల నంబర్లు వెతికితే కొన్ని స్కూటర్లవని తేలింది. బిల్లు బాగానే ఉంది. స్కూటర్ మీద ఎద్దును ఎట్లా ఎక్కించారో బిల్లు చెప్పదు.

మన దగ్గర సింగిల్ విండో ఉంది, వడ్ల కొనుగోలు కేంద్రం ఉంది. కేంద్రంలో మనకిచ్చిన చీటీలో ఎన్ని బస్తాలు, ట్రక్ షీట్‌లో ఎన్ని, మిల్లు దించుకున్నది ఎన్ని? మూడూ ఒక్కచోట పెట్టి చూసినోళ్లు మనలో ఎంతమంది? తరుగు పేరుతో పోయింది ఎక్కడ పోయిందో అక్కడే కనిపిస్తుంది. సొసైటీ స్టాక్ రిజిస్టర్‌లో యూరియా ఎంతుందో అడిగి ఊరుకోవద్దు, గోదాము తెరిపించి బస్తాలు లెక్కపెట్టాలి. మీ పేరు మీద ఎంత అప్పుందో సొసైటీ కాగితం చూసి నమ్మొద్దు, జిల్లా సహకార బ్యాంకు బ్రాంచిలోనే అడగండి. తీసుకోని అప్పు మీ ఖాతాలో కనిపిస్తే నోటిమాటతో వదలకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి.

ఒక్కడు అడిగితే తగువు అంటారు. అందుకే చట్టం తెలుసుకోవాలి. 1964 సహకార సంఘాల చట్టం 51వ సెక్షన్ ప్రకారం, మొత్తం సభ్యుల్లో ఐదో వంతు మంది సంతకాలు పెట్టి అడిగితే రిజిస్ట్రార్ విచారణ జరిపించాల్సిందే. 600 మంది సభ్యులుంటే 120 సంతకాలు. ఒక్క ఊరి పని కాదు, సొసైటీ కింద ఉన్న ఊర్లన్నీ తిరగాలి. డబ్బు తిన్నట్టు తేలితే వసూలు చేయడానికి 60వ సెక్షన్ ఉంది.

పాస్‌బుక్కులు, తూకం చీటీలు తెచ్చినవాళ్లు వెనక్కి పోవద్దు. భోజనాలయ్యాక ఇక్కడే కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.